పోటీ మధ్యలో దానం: పుచ్చుకునేవారిని అడిగిందెవరు?

జంటలు దేశదేశాలు తిరుగుతూ పందెం పరిగెత్తే అమెరికా టీవీ పోటీ ‘ది అమేజింగ్ రేస్’. 2011లో ప్రసారమైన దాని పంతొమ్మిదో సీజన్‌లో పోటీదారులు ఇండోనేషియా వెళ్లారు. అక్కడి జనం మధ్య పనిచేసి నాలుగు డబ్బులు సంపాదించి, ఒక అనాథాశ్రమానికి ఇచ్చేయడం వారికి పెట్టిన పరీక్ష. సంపాదించింది ఒక్కటే చాలదు, దగ్గర మిగిలిన డబ్బంతా ఇచ్చేయాలి. ఆ షరతు అక్కడొక బోర్డు మీద రాసిపెట్టారు. హడావిడిలో దాన్ని చదవని జంటలు సంపాదించినంత ఇచ్చి పరుగు తీశాయి, తర్వాత మిగతాది ఇవ్వడానికి వెనక్కి రావాల్సి వచ్చింది.

ఇలాంటి ఘట్టం వచ్చిన ప్రతిసారీ ప్రేక్షకుల్లో రెండు వాదనలు లేస్తాయి. నిబంధన పెట్టి ఇప్పించింది దానమెలా అవుతుందని కొందరు, ఎలా ఇచ్చినా డబ్బు పిల్లలకు చేరింది కదా అని కొందరు. ఈ రెండు వాదనలూ ఇచ్చేవాళ్ల చుట్టూనే తిరుగుతున్నాయి. పుచ్చుకునేవాళ్లకు ఈ ఆటలో ఏ పాత్ర ఇచ్చారు, ఒప్పుకోవడానికో వద్దనడానికో వాళ్లకు వీలుందా అన్నదే అసలు విషయమని నా నమ్మకం. టీవీలో దానం నడిచివచ్చిన దారిని చూస్తే, ఈ పద్ధతులను నిలదీసినవారిలో ముఖ్యులు పుచ్చుకునే వైపున్న మనుషులేనని తెలుస్తుంది.

అమెరికాలో ‘క్వీన్ ఫర్ ఎ డే’ 1945లో రేడియోలో మొదలై, 1956 నుంచి 1964 దాకా దేశమంతటా టీవీలో వచ్చింది. కొందరు స్త్రీలు ఒకరి తర్వాత ఒకరు తమ కష్టం చెప్పుకునేవారు. ఎవరి కథకు చప్పట్లు ఎక్కువ మోగాయో ఒక మీటరు చూపించేది. గెలిచినావిడకు కిరీటం, దుప్పటంత అంగీ, వాషింగ్ మెషీన్ లాంటి వస్తువులు. ఓడినవాళ్ల కష్టం మాత్రం అలాగే ఉండిపోయేది. ఎక్కువ ఏడిపించినవారికే సాయం అనే సూత్రం అక్కడ దాపరికం లేకుండా కనిపిస్తుంది. తర్వాత వచ్చిన కార్యక్రమాలు మీటరును తీసేశాయి, సూత్రాన్ని వదల్లేదు.

1949లో హాస్యనటుడు మిల్టన్ బెర్ల్ క్యాన్సర్ నిధి కోసం 16 గంటలు ఏకధాటిగా టీవీలో నిలబడినప్పటి నుంచి టెలిథాన్‌ల, అంటే గంటల తరబడి విరాళాలు అడిగే టీవీ ప్రసారాల కాలం మొదలైంది. వాటిలో పేరు మోసింది కండరాల క్షీణత వ్యాధి కోసం హాస్యనటుడు జెర్రీ లూయిస్ 1966 నుంచి 2010 దాకా నడిపినది. వేదిక మీదికి పిల్లల్ని తీసుకొచ్చి చూపిస్తూ కోట్ల డాలర్లు పోగుచేశారు. అలా ఒకప్పుడు పోస్టర్ల మీద కనిపించిన పిల్లలే పెద్దవాళ్లయ్యాక ఎదురు తిరిగారు. షికాగోకు చెందిన తోబుట్టువులు మైక్ ఎర్విన్, క్రిస్ మాథ్యూస్ 1991లో ‘జెర్రీస్ ఆర్ఫన్స్’ పేరుతో నిరసన మొదలుపెట్టారు. జాలి పుట్టించే బొమ్మలుగా మమ్మల్ని నిలబెడితే రేపు ఉద్యోగం ఎవరిస్తారు, ఇల్లు అద్దెకు ఎవరిస్తారు అన్నది వాళ్ల వాదనలోని సారం. బ్రిటన్‌లోనూ 1992లో ఐటీవీ ఛానల్ టెలిథాన్ జరుగుతున్న స్టూడియో ముందు వికలాంగులు పెద్దసంఖ్యలో చేరారు. బార్బరా లిసికీ, అలన్ హోల్డ్స్‌వర్త్ కూడగట్టిన ఆ జనం జాలిని ఛీకొట్టే నినాదమున్న టీషర్టులు వేసుకుని వచ్చారు. ఆ టెలిథాన్ మళ్లీ జరగలేదు.

ఈలోగా దూరదేశాల ఆకలి టీవీ తెర మీదికి వచ్చింది. 1984 అక్టోబర్ 23న ఇథియోపియాలోని కోరెమ్ నుంచి మైకేల్ బర్క్ పంపిన కథనం బీబీసీలో ప్రసారమైంది. మరుసటి ఏడాది జూలై 13న ఆ కరువు బాధితుల కోసం లైవ్ ఎయిడ్ కచేరీ జరిగింది, డిసెంబర్‌లో హాస్యనటుల సాయంతో విరాళాలు పోగుచేసే బ్రిటిష్ సంస్థ కామిక్ రిలీఫ్ పుట్టింది. ఆ సంస్థ నిధుల కోసం నడిపే టీవీ కార్యక్రమం రెడ్ నోస్ డే మొదటిసారి 1988 ఫిబ్రవరి 5న జరిగింది. ఆ డబ్బు ప్రాణాలు నిలబెట్టిందన్నది కాదనలేను. అయితే ఎండిపోయిన పిల్లవాడి ముఖమే ఒక ఖండానికంతా గుర్తుగా మిగిలిపోయింది. బ్రిటన్‌కు చెందిన వీఎస్‌ఓ సంస్థ 2002లో వెలువరించిన నివేదికలో, అక్కడి జనంలో 80 శాతం మందికి పేద దేశాలంటే కరువు, విపత్తు, పాశ్చాత్య సాయమే మనసులో మెదులుతున్నాయని తేలింది. ఈ ప్రమాదాన్ని స్వచ్ఛంద సంస్థలు అంతకుముందే గుర్తించాయి. 1989లోనే యూరప్ సంస్థలన్నీ కలిసి పేద దేశాల చిత్రణపై ఒక నియమావళి రాసుకున్నాయి. దాన్ని 2006లో తిరగరాశారు. అది సంస్థలు తమకు తాము పెట్టుకున్న కట్టుబాటు. టీవీ నిర్మాతలను కట్టేసేది అందులో ఏమీ లేదు.

దానానికి గడియారం జోడించిన కార్యక్రమం బీబీసీ 1989లో మొదలుపెట్టిన ‘ఛాలెంజ్ అనెకా’. కొద్దిరోజుల గడువిచ్చి వ్యాఖ్యాత అనెకా రైస్‌కు ఒక పని అప్పగిస్తారు. ఆవిడ కంపెనీలనూ మేస్త్రీలనూ బతిమాలి ఉచితంగా సామాను, మనుషుల్ని సంపాదించి పూర్తిచేయాలి. 1990లో ఆ పని రుమేనియాలోని సిరెట్ అనాథాశ్రమాన్ని బాగుచేయడం. ఇక్కడ కాస్త ఆగాలి, ఎందుకంటే ఇలాంటి ఛాలెంజ్‌ల బలమూ బలహీనతా రెండూ ఈ ఒక్క ఉదాహరణలో ఉన్నాయి.

నియంత చౌషెస్కు 1966లో 770వ డిక్రీతో గర్భస్రావాన్ని నిషేధించాడు. గర్భనిరోధక సాధనాలూ దొరక్కుండా పోయాయి. పెంచే స్తోమతు లేని కుటుంబాలు పిల్లల్ని ప్రభుత్వ ఆశ్రమాల్లో వదిలేశాయి. 1989 డిసెంబర్‌లో అతను కూలిపోయేనాటికి అలాంటి చోట్ల లక్షకు పైగా పిల్లలున్నారు. చలికి వణికే ఆ పిల్లలకు వేడినీళ్లు, మరుగుదొడ్లు, మంచాలు వెంటనే కావాలి. లారీల్లో సామాను వేసుకుని వెళ్లి నడుం వంచి పనిచేసినవాళ్లు వాటిని అందించారు, వాళ్లను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. కానీ రంగు వేసిన గోడల మధ్య కూడా ఆ పిల్లల్ని ఎత్తుకునేవాళ్లు లేరు. రుమేనియా రాజధాని బుకారెస్ట్‌లో 2000లో మొదలైన ఒక పరిశోధన 136 మంది పసివాళ్లను తీసుకుని, సగం మందిని పెంపుడు కుటుంబాలకు అప్పగించి ఏళ్ల తరబడి గమనించింది. కుటుంబాల్లోకి వెళ్లిన పిల్లల తెలివితేటలూ అనుబంధాలూ మెరుగుపడ్డాయి. చాలా విషయాల్లో రెండేళ్లలోపు వెళ్లినవారికి మేలు ఎక్కువ జరిగింది. రుమేనియా ఆ తర్వాత ఆశ్రమాలను మూసేస్తూ పెంపుడు కుటుంబాల వైపు మళ్లింది. ఆ పనికి దశాబ్దాలు పట్టాయి. గడువు లోపల అయిపోవాలి, అయినట్టు కెమెరాకు కనిపించాలి అనే రెండు షరతులు పెట్టాక, అలాంటి పనిని ఏ ఛాలెంజూ ఎంచుకోజాలదు. దానికి భవనమే దొరుకుతుంది.

అనాథాశ్రమమే ఈ కార్యక్రమాలకు మళ్లీ మళ్లీ ఎందుకు వేదికవుతుందో దీంతో అర్థమవుతుంది. పిల్లలు అందంగా కనిపిస్తారు, ఎదురు ప్రశ్న వేయరు. ప్రపంచంలోని ఆశ్రమాల్లో ఉన్న పిల్లల్లో ప్రతి ఐదుగురిలో కనీసం నలుగురికి తల్లో తండ్రో బతికే ఉన్నారని సేవ్ ది చిల్డ్రన్ 2009లోనే చెప్పింది. విదేశీ సందర్శకులు డబ్బు తెస్తారని తెలిశాక, పేద ఇళ్లకు వెళ్లి పిల్లల్ని పోగుచేసే ఆశ్రమాలు కొన్నిచోట్ల పుట్టుకొచ్చాయి. ఆస్ట్రేలియా పార్లమెంటు కమిటీ 2017లో దీన్ని ఆధునిక బానిసత్వం కింద పరిశీలించింది. 2019 డిసెంబర్‌లో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సమావేశం అనాథాశ్రమ పర్యటనల వల్ల కలిగే హానిని తన తీర్మానంలో ప్రస్తావించింది. ఇండోనేషియాలోని ఆ ఆశ్రమం అలాంటిదని నేననడం లేదు. కోట్లమంది చూసే కార్యక్రమంలో ఆశ్రమాన్ని ఒక మజిలీగా చూపిస్తే, వెళ్లి పిల్లల్ని చూసి డబ్బిచ్చి రావడం మంచి పనేనన్న భావన బలపడుతుంది. ఆ భావన మీదే ఆ వ్యాపారం నడుస్తోంది.

‘ది అమేజింగ్ రేస్’ 2001 సెప్టెంబర్ 5న అమెరికా ఛానల్ సీబీఎస్‌లో మొదలైంది. బహుమతి 10 లక్షల డాలర్లు. 2004లో ఐదో సీజన్‌లో ఒక నిబంధన తెచ్చారు: చివర వచ్చినా పోటీలో మిగిలే అవకాశం దక్కిన జంట దగ్గరున్న డబ్బంతా లాగేసుకుంటారు, తర్వాతి దశకు పైసా ఇవ్వరు. వాళ్లు దారిన పోయేవాళ్లను అడుక్కోవాలి. లక్షల డాలర్ల కోసం విమానాల్లో తిరిగేవాళ్లు తమకంటే ఎన్నో రెట్లు పేదవాళ్ల ముందు చేయి చాచారు. దానం ఇక్కడ తలకిందులైంది. ఇచ్చినవాళ్ల పేరు కూడా తెర మీద రాలేదు. అదే సీజన్‌లో టాంజానియాలో ఒక పోటీదారుడు టాక్సీ డ్రైవర్‌తో కిరాయి దగ్గర గొడవపడి పోలీస్ స్టేషన్ దాకా వెళ్లాడు. 2005లో ఏడో సీజన్ చివరి ఘట్టంలో ఉచెన్నా, జాయ్స్ దంపతులు ఫ్లోరిడాలో గెలుపు గీత ముందు దాకా వచ్చి కూడా, టాక్సీ డ్రైవర్‌కు ఇవ్వాల్సింది పోగయ్యేదాకా జనాన్ని అడుగుతూ ఆగిపోయారు. ఇచ్చాకే లోపలికి వెళ్లారు, వాళ్లే గెలిచారు. ఈ కార్యక్రమ చరిత్రలో నాకు అన్నిటికంటే గౌరవం కలిగించిన ఘట్టమది. అక్కడ వాళ్లు తీర్చింది ఒక పనివాడి బాకీ. డబ్బు లాగేసుకునే ఆ శిక్ష 2006లో పదో సీజన్ నుంచి పోయింది.

ఇదే కాలంలో నిధుల కోసం కొండలెక్కడం, సైకిల్ మీద దేశాలు దాటడం పెరిగింది. 2009 మార్చిలో తొమ్మిది మంది బ్రిటిష్ తారలు కామిక్ రిలీఫ్ కోసం టాంజానియాలోని 5,895 మీటర్ల కిలిమంజారో ఎక్కారు. మలేరియా నివారణకు 30 లక్షల పౌండ్లకు పైగా వచ్చింది. మంచి ఫలితమే. ఆ కొండ మీద గుడారాలు, తిండి, నీళ్లు మోసేది స్థానిక కూలీలు. ఒక్కొక్కరికి 20 కిలోలకు మించి ఎత్తకూడదన్న నిబంధన అమలవుతోందా, ఒప్పుకున్న కూలి చేతికందుతోందా అని చూడటానికి 2003 నుంచి ఒక ప్రత్యేక సంస్థ పనిచేయాల్సి వస్తోంది. కష్టపడి ఎక్కిన తారను అందరూ మెచ్చుకుంటారు. రోజూ బరువుతో ఎక్కేవాడి గురించి మాట్లాడరు.

2017లో లైబీరియాలో గాయకుడు ఎడ్ షీరన్‌తో తీసిన కామిక్ రిలీఫ్ వీడియోకు నార్వే విద్యార్థి సంస్థ సైహ్ అతి అవమానకరమైన నిధుల ప్రచారమంటూ ‘రస్టీ రేడియేటర్’ బిరుదిచ్చింది. 2019 ఫిబ్రవరిలో ఉగాండాలో కామిక్ రిలీఫ్ కోసం వెళ్లిన టీవీ వ్యాఖ్యాత స్టేసీ డూలీ ఒక చిన్నారిని ఎత్తుకుని పెట్టిన ఫొటోను బ్రిటన్ పార్లమెంటు సభ్యుడు డేవిడ్ లామీ తీవ్రంగా విమర్శించారు. ఆ ఏడాది రెడ్ నోస్ డే ప్రసారం రోజున వసూలైన మొత్తం 2017తో పోలిస్తే సుమారు 80 లక్షల పౌండ్లు తగ్గింది. విమర్శ వల్లనే తగ్గిందని తేల్చలేం, కానీ లామీ మీద ఆ నింద పడింది. చివరకు 2020 అక్టోబర్‌లో కామిక్ రిలీఫ్ తారలను ఆఫ్రికాకు పంపడం మానేస్తున్నామని, అక్కడి దర్శకులతోనే సినిమాలు తీయిస్తామని ప్రకటించింది.

టీవీ వెనక్కి తగ్గిన చోటికి యూట్యూబ్ వచ్చింది. అమెరికా యూట్యూబర్ మిస్టర్‌బీస్ట్ 2023 జనవరిలో వెయ్యిమందికి చూపు తెప్పించిన వీడియో, నవంబర్‌లో ఆఫ్రికాలో వంద బావులు తవ్వించిన వీడియో పెట్టాడు. కెన్యాలో కొందరు అభ్యంతరం చెప్పారు, మరికొందరు ప్రభుత్వం చేయనిది ఇతను చేశాడన్నారు. నీళ్లు తాగుతున్నవాళ్ల సంతోషం నిజమైనదే. సహారా దిగువ ఆఫ్రికాలో చేతిపంపుల్లో నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా ఏ సమయంలో చూసినా పనిచేయకుండా ఉంటాయని నీటి రంగంలోని అంచనాలు చెబుతున్నాయి. వాషర్ అరిగినప్పుడు ఎవరు మారుస్తారు, విడిభాగం ఎక్కడ దొరుకుతుంది, మరమ్మతుకు ఊరి నిధి ఎవరి దగ్గరుంటుంది అన్నవి పంపు బిగించకముందే తేల్చుకోవాల్సినవి. తవ్వే చోటు, చిత్రీకరణకు సమ్మతి, తర్వాతి మరమ్మతు ఖర్చు ఈ మూడూ ఊరివాళ్లతో రాతపూర్వకంగా ఒప్పుకున్నాకే కెమెరా తెరవాలని నిర్మాతలను నాకు తెలిసి ఇప్పటికీ ఏ ప్రసార చట్టమూ అడగడం లేదు. నేను అడుగుతున్నాను.