తక్కెడలో రెండో పళ్ళెం

"మానసిక జబ్బుల మీద పరిశోధన తక్కువని ప్రతి అక్టోబరు 10కీ, ప్రపంచ మానసిక ఆరోగ్య దినం నాడు, పేపర్లో వస్తుంది. ఎంత తక్కువ? దేనితో పోలిస్తే తక్కువ? మన విశాఖ లెక్క ఎంత?" అని గాజువాక నుంచి ఒక పాఠకురాలు అడిగారు. ఎవరైనా 'తక్కువ' అంటే హారం ఏమిటని అడగడం బడిలోనే నేర్పాలి. మనం భిన్నాలంటే కొట్టివేతలు నేర్పి వదిలేస్తాం.

పూర్ణా మార్కెట్లో ఒకప్పటి తక్కెడ గుర్తు తెచ్చుకోండి. ఒక పళ్ళెంలో పరిశోధన. 2015-19 మధ్య ప్రపంచమంతా కలిసి మానసిక ఆరోగ్య పరిశోధనకి ఏడాదికి సుమారు 370 కోట్ల డాలర్లు పెట్టింది. తలకి అర డాలరు. అదీ చాలామటుకు సంపన్న దేశాల్లోనే. ఆ పళ్ళెం సంగతి అంతే. రెండో పళ్ళెంలో ఉన్న జబ్బు బరువుని ఏ రాయితో తూస్తారన్నదే నాకు సరదా.

ఆ రాయి పేరు డాలీ. 1990ల మొదట్లో క్రిస్టఫర్ మర్రే, అలన్ లోపెజ్ అనే పరిశోధకులు వాడుకలోకి తెచ్చారు. ఒక డాలీ అంటే ఆరోగ్యంగా బతకాల్సిన ఒక ఏడాది పోవడం. ఆ ఏడాది ముందే చనిపోవడం వల్ల పోవచ్చు, బతికుండీ జబ్బుతో పోవచ్చు. రెండోదానికి ఒక గుణకం ఉంది: పూర్తి ఆరోగ్యానికి 0, చావుతో సమానమైతే 1. దీనికోసం బంగ్లాదేశ్, ఇండోనేషియా, పెరూ, టాంజానియాల్లో ఇళ్ళకి వెళ్ళి, వేర్వేరు జబ్బులున్న ఇద్దరు ఊహా మనుషుల గురించి చెప్పి, "ఈ ఇద్దరిలో ఎవరి ఆరోగ్యం నయం?" అని అడిగారు. తర్వాత యూరప్ జవాబులూ కలిపి సవరిస్తే తీవ్రమైన డిప్రెషన్‌కి 0.658 వచ్చింది. స్కిజోఫ్రీనియా తీవ్ర దశకి 0.778. మొత్తం జాబితాలో అదే పెద్ద అంకె. ఇది డాక్టర్ల తీర్పు కాదు, మామూలు జనానిది. దయ్యం పట్టిందని తాయెత్తు కట్టించే ఊళ్ళలో అడిగినా ఇదే వస్తుందేమో.

ఇప్పుడు లెక్క చేద్దాం. పాతికేళ్ళ కుర్రాడు, ఆరు నెలలు తీవ్రమైన డిప్రెషన్. అర ఏడాదిని 0.658తో గుణిస్తే 0.329. అతను ఆత్మహత్య చేసుకున్నాడనుకోండి. పోయిన ఆయుష్షు సుమారు 60 ఏళ్ళు. ఈ 60 ఏ పళ్ళెంలో పడుతుంది? మానసిక జబ్బుల్లో కాదు! 'గాయాలు' అన్న పద్దులో, మద్దిలపాలెం జంక్షన్లో లారీ గుద్దేసిన వాడి పక్కన. డిప్రెషన్ ఖాతాలో మిగిలేది ఆ 0.329 మాత్రమే. తాగుడు వ్యసనానికీ వేరే పద్దే. ఇన్ని తీసేశాక కూడా 2019లో ప్రపంచమంతటా మానసిక రుగ్మతల బరువు సుమారు 12.5 కోట్ల డాలీలు, అన్ని జబ్బుల మొత్తంలో దాదాపు 5 శాతం. హారం ఇలా చిక్కిపోతే పరిశోధన నిష్పత్తి ఉన్నదానికంటే ఘనంగా కనిపిస్తుంది. (ఎవరికైనా మనసు బాగోలేకపోతే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీమానస్ నంబరు 14416. తెలుగులోనే మాట్లాడొచ్చు.)

అసలు చిక్కు ఇంకోటి. గుణకం ఉంటే చాలదు, ఎంతమందికి జబ్బుందో తెలియాలి. ఆసుపత్రి రిజిస్టర్లు పనికిరావు. 2015-16లో బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ చేసిన జాతీయ సర్వేలో, రుగ్మతను బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్సే అందడం లేదని తేలింది. మన ఊళ్ళో "చినవాల్తేరు పంపించాలి వీణ్ణి" అనేది, అంటే అక్కడి మానసిక ఆసుపత్రికి అని, ఇప్పటికీ జోకే కదా, ఎవరు వెళ్తారు? కాబట్టి ఇల్లిల్లూ తిరగాలి. అలా తిరగడం కూడా పరిశోధనే. అంటే మొదటి పళ్ళెం ఖాళీగా ఉన్నచోట రెండో పళ్ళెంలో ఉన్నది తూచిన బరువు కాదు, చుట్టుపక్కల అంకెల్ని బట్టి వేసిన అంచనా.

ఆ సర్వే 12 రాష్ట్రాల్లో జరిగింది. పెద్దవాళ్ళలో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక రుగ్మత ఉందని చెప్పింది. ఆ 12లో ఆంధ్రప్రదేశ్ లేదు. గాజువాక పాఠకురాలి కోసం విశాఖ అంకె వెతికితే, అందులో నాకు దగ్గరలో దొరికినవి ఛత్తీస్‌గఢ్, తమిళనాడు.