జో ఫ్రాగర్ కుకీలు: రమ్ము చుట్టూ అల్లుకున్న అపోహలు - వాస్తవాలు

అమెరికాలో బోస్టన్ నగరానికి ఉత్తరాన, సముద్రపు ఒడ్డున ఉన్న మార్బుల్‌హెడ్ అనే చేపల రేవులో పుట్టిన అరచేయంత వెడల్పాటి కుకీలను జో ఫ్రాగర్లు అంటారు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో పనిచేసిన జోసెఫ్ బ్రౌన్, ఆయన భార్య లుక్రీషియా ఆ ఊరి జింజర్‌బ్రెడ్ హిల్ మీద నడిపిన పానశాలలో వీటిని మొదట చేశారని అక్కడివారు చెప్పుకుంటారు. గుడ్డు, పాలు పడని ఈ కుకీలు త్వరగా చెడవు కనుక, చేపల వేటకు వెళ్లేవారు వీటిని వెంట తీసుకుపోయేవారట. ఆ ప్రాంతపు కుటుంబాల్లో ఈ వంటకం తరతరాలుగా చేతులు మారుతూ వస్తోంది.

బేకింగ్ చేయడం, నేర్పడం నా వృత్తి. నేర్చుకోవడానికి వచ్చేవారు, వారిలోనూ ముఖ్యంగా మన తెలుగువారు, ఈ కుకీల గురించి తరచూ వెలిబుచ్చే అభిప్రాయాల్లో కొన్నిటిని సరిదిద్దవలసిన అవసరం ఉంది. ముందుగా నేను వాడే కొలతలు: మైదా 4 కప్పులు, మొలాసిస్ (చెరకు రసం నుంచి చక్కెర తీసేశాక మిగిలే నల్లటి ద్రవం) 1 కప్పు, చక్కెర 1 కప్పు, వెన్న అర కప్పు, గోరువెచ్చని నీళ్లు 80 మిల్లీలీటర్లు, ముదురు రంగు రమ్ము 30 మిల్లీలీటర్లు, ఉప్పు ఒకటిన్నర టీస్పూన్లు, వంట సోడా 1 టీస్పూను, శొంఠి పొడి ఒకటిన్నర టీస్పూన్లు, లవంగాల పొడి, జాజికాయ పొడి అర టీస్పూను చొప్పున, ఆల్‌స్పైస్ (మిరియాల్లా కనిపించే ఒక మసాలా దినుసు) పొడి పావు టీస్పూను.

అపోహ: ఓవెన్‌లో పెట్టగానే రమ్ములోని ఆల్కహాల్ అంతా ఆవిరైపోతుంది.

వాస్తవం: అంతా పోదు. ఆల్కహాల్ సుమారు 78 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది కనుక 190 డిగ్రీల ఓవెన్‌లో దాని చుక్క కూడా మిగలదని చాలామంది లెక్క వేస్తారు. ఆ లెక్కలో రెండు పొరపాట్లు ఉన్నాయి. 190 డిగ్రీలు ఓవెన్‌లోని గాలి వేడి మాత్రమే. పది, పన్నెండు నిమిషాల్లో తీసేసే కుకీ లోపలి భాగం నీటి మరుగు స్థానం దాటదు. పైగా నీటిలో కలిసిపోయిన ఆల్కహాల్ విడిగా వెళ్లిపోదు, నీటితో పాటే కొద్దికొద్దిగా ఆవిరవుతుంది. పిండిలో కలిపి 15 నిమిషాలు బేక్ చేస్తే సుమారు 40 శాతం, 30 నిమిషాలకు 35 శాతం, గంటకు 25 శాతం ఆల్కహాల్ మిగులుతుందని అమెరికా వ్యవసాయ శాఖ పట్టికలు చూపుతున్నాయి. రెండున్నర గంటలు ఉడికిన వంటకంలో కూడా 5 శాతం ఉంటుంది.

అలాగని భయపడవలసినదీ ఏమీ లేదు. 40 శాతం ఆల్కహాల్ ఉన్న రమ్ము 30 మిల్లీలీటర్లు వేస్తే మొత్తం ముద్దలో పడే ఆల్కహాల్ సుమారు తొమ్మిదిన్నర గ్రాములు. దానితో 20 కుకీలు చేస్తే ఒక్కొక్కదానికి అర గ్రాము కూడా రాదు, బేక్ అయ్యాక మిగిలేది సుమారు 0.2 గ్రాములే. దీనితో మత్తు ఎక్కదు. అయితే మతపరమైన నియమం వల్లనో, వైద్యుడి సలహా మీదనో, మద్యం మానేసినందువల్లనో ఒక్క చుక్క కూడా వద్దనుకునే అతిథికి ఇంత తక్కువైనా తక్కువ కాదు. అటువంటివారికి 'ఇందులో ఏమీ లేదండీ' అని చెప్పి పెట్టడం నా దృష్టిలో అబద్ధమే. వారి కోసం విడిగా ఒక వాయి చేసి, రమ్ముకు బదులు అంతే కొలతలో చిక్కటి కాఫీ డికాక్షన్ పోయండి. మొలాసిస్‌లోని చిరుచేదుకు అది చక్కగా అతుకుతుంది.

అపోహ: రమ్ము ఎసెన్స్ వాడితే ఆల్కహాల్ సమస్యే ఉండదు.

వాస్తవం: చాలా ఎసెన్సుల్లో సువాసన పదార్థాలను కరిగించేది ఆల్కహాలే. సీసా మీది పదార్థాల జాబితా చదవకుండా ఏదీ తేల్చకూడదు.

అపోహ: రమ్ము ఎంత పోస్తే రుచి అంత బాగుంటుంది.

వాస్తవం: రమ్ము కూడా ద్రవమే. రెట్టింపు పోస్తే ముద్ద జారుగా మారి, కుకీలు ట్రేలో పాకి ఒకదానికొకటి అంటుకుంటాయి. పెరిగిన పరిమళంలో అధిక భాగం వంటగదిలోకే పోతుంది. మొలాసిస్‌ను పులియబెట్టి బట్టీ పట్టగా వచ్చేదే రమ్ము కనుక ఆ రెండూ ఒకే చెరకు బిడ్డలు; ఈ కుకీలో బలమైన రుచి మొలాసిస్‌ది, రమ్ము దానికి పైన తేలే వాసన మాత్రమే. 18వ శతాబ్దంలో మార్బుల్‌హెడ్ ఉన్న మసాచుసెట్స్ ప్రాంతపు రమ్ము బట్టీలకు మొలాసిస్ కరీబియన్ దీవుల నుంచి వచ్చేది. అక్కడ చెరకు పండించినవారు బానిసలు. ఆఫ్రికన్ మూలాలున్న జోసెఫ్ బ్రౌన్ పానశాలలో ఆ సరుకుతోనే ఇంత పేరున్న వంటకం తయారైందన్న సంగతి, ఈ కుకీని కేవలం ఒక సముద్రతీర ముచ్చటగా చెప్పుకునేవారు తరచూ వదిలేస్తారు.

అపోహ: మొలాసిస్ దొరక్కపోతే బెల్లం పాకమో, చెరకు పానకమో పోసినా ఒకటే.

వాస్తవం: దిబ్బరొట్టెకు నంజుకునే చెరకు పానకంలో చెరకు తీపి అంతా ఉంటుంది. మొలాసిస్ మాత్రం చక్కెర పలుకులు తీసేశాక మిగిలిన నల్లటి ద్రవం, అందువల్ల తీపి తక్కువ, చేదు, పులుపు ఎక్కువ. ఆ పులుపుతో కలిసి వంట సోడా పొంగుతుంది. బెల్లంలో అంత పులుపు ఉండదు కనుక సోడా మిగిలిపోయి సబ్బు రుచి తగులుతుంది. బెల్లంతోనే చేయదలిస్తే సోడాను సగానికి తగ్గించి ఒక టీస్పూను నిమ్మరసం కలపండి, చక్కెర కూడా తగ్గించండి. కుకీలు బాగానే వస్తాయి, కానీ అవి జో ఫ్రాగర్లు కావు. ఇక మొలాసిస్‌లో అన్నిటికన్నా నల్లనిదైన బ్లాక్‌స్ట్రాప్ రకం మరీ చేదు, దాని జోలికి పోకండి.

అపోహ: అసలైన రుచికి సముద్రపు నీరే కావాలి.

వాస్తవం: పాతకాలంలో సముద్రపు నీరు వాడారనే కథ ప్రచారంలో ఉంది. సముద్రపు నీటిలో ఉప్పు సుమారు మూడున్నర శాతం. అంటే 80 మిల్లీలీటర్లలో మూడు గ్రాములకు కాస్త తక్కువ. పై కొలతలోని ఒకటిన్నర టీస్పూన్ల ఉప్పు దానికి దాదాపు మూడు రెట్లు. ఉప్పును రమ్ముతో పాటు గోరువెచ్చని నీటిలో ముందే కరిగిస్తే సరిపోతుంది, రేవు నీటిని వంటలోకి తేనక్కరలేదు.

అపోహ: గుడ్డు వేస్తే ఇంకా మెత్తగా వస్తాయి.

వాస్తవం: కేకులాగా వస్తాయి. ఈ కుకీ మెత్తదనం మొలాసిస్ తేమను పట్టి ఉంచడం వల్ల వచ్చేది, నమిలేటప్పుడు కాస్త సాగాలి.

అపోహ: గట్టిపడి, అంచులు ఎర్రబడ్డాకే ఓవెన్ నుంచి తీయాలి.

వాస్తవం: ఎక్కువమంది చేతిలో ఇవి పాడయ్యేది ఇక్కడే. ముద్ద ముందే ముదురు గోధుమ రంగులో ఉంటుంది కనుక రంగును చూసి ఏమీ తెలుసుకోలేము. రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచిన ముద్దను, పిండి చల్లుకుంటూ అప్పడాల కర్రతో పావు అంగుళం మందాన వత్తి, నాలుగు అంగుళాల వెడల్పున కోసి, 190 డిగ్రీల వద్ద పెట్టిన తరువాత పదో నిమిషం నుంచి కనిపెట్టి ఉండాలి. పైన సన్నటి నెర్రెలు కనిపించి, పచ్చి మెరుపు పోయి, అట్లకాడ అంచు కిందకు దూర్చి ఎత్తితే అంచు వంగకుండా లేచి, నడుమ వేలితో తాకినప్పుడు కొద్దిగా గుంట పడితే తీసేయాలి. అప్పుడు చూస్తే ఉడకనట్టే అనిపిస్తుంది. ట్రే మీదే అయిదు నిమిషాలు వదిలేయండి, ఆ వేడికే మిగతా పని పూర్తవుతుంది.

అపోహ: వేడివేడిగా తింటేనే రుచి.

వాస్తవం: తీసిన రోజు లవంగం ఘాటు మిగతా రుచులను మింగేస్తుంది. పూర్తిగా చల్లారిన కుకీలను, పొరల మధ్య కాగితం వేసి, గాలి చొరని డబ్బాలో పెట్టి మర్నాడు తీస్తే మసాలాల ఘాటు తగ్గి రమ్ము వాసన తెలుస్తుంది. అదే డబ్బాలో, తడి తగలకుండా ఉంటే, వారం పైగా మెత్తగానే ఉంటాయి. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకండి, అక్కడ బిరుసెక్కుతాయి.