పెద్దలు లేని ఊరి కథలు: కోతపడ్డ మొదటి అధ్యాయం

బడి లైబ్రరీ బీరువాలో ఏ పుస్తకం ఉండాలి, ఏది ఉండొద్దు అన్న పాత తగాదా పాలమూరు వైపు మళ్లీ లేచింది. ఈసారి కూడా గురి ఆ నవలల మీదే. పెద్దవాళ్లంతా మాయమై, పదమూడు పద్నాలుగేళ్ల పిల్లలే మిగిలి, తిండికీ నీళ్లకూ కొట్లాడుకునే కథలవి. వద్దనేవాళ్లది రెండు ముక్కల వాదన: ఇది మన సరుకు కాదు, చదివితే పిల్లల మనసు మొద్దుబారుతుంది. ఉంచాలనేవాళ్లు అడిగేది ఒకే ప్రశ్న. దసరా దాటగానే అమ్మానాయినలు బొంబాయి బస్సెక్కే ఊళ్లో ఇది పరాయి కథ ఎట్లయింది?

పడవ మునిగి దీవుల్లో చిక్కిన సాహస బాలుర కథలు పంతొమ్మిదో శతాబ్దం నుంచే ఉన్నాయి, ఈ కోవ పుట్టుపూర్వోత్తరాలన్నీ ఇక్కడ అక్కర్లేదు. ఇవాళ్టి గొడవ ముడి 1953-54లో ఒక సంపాదకుడి బల్ల మీద పడింది.

విలియం గోల్డింగ్ అప్పటికి ఇంగ్లండ్‌లోని సాల్స్‌బరీలో బడిపంతులు. పెద్దలు లేని దీవిలో చిక్కి కొట్లాడుకునే పిల్లల మీద ఆయన రాసిన నవల రాతప్రతిని ప్రచురణకర్తలు ఒకరి తర్వాత ఒకరు తిప్పి పంపారు. ఫేబర్ సంస్థలో కూడా మొదట చదివినవారు పనికిరాదని పక్కన పెట్టేశారు. అక్కడ కొత్తగా చేరిన చార్లెస్ మాంటీత్ దాన్ని మళ్లీ బయటికి తీశాడు. అప్పుడా ప్రతి దీవిలో మొదలయ్యేది కాదు, అణుయుద్ధంతో మొదలయ్యేది. పిల్లల్ని విమానంలో ఎందుకు తరలిస్తున్నారో అందులో వివరంగా ఉండేది. కథ నడక ఆగిపోతోందని మాంటీత్ ఆ భాగాన్ని తీసేయించాడు. 1954 సెప్టెంబరులో 'లార్డ్ ఆఫ్ ద ఫ్లైస్' పేరుతో అచ్చయిన ఆ నవల నేరుగా అడవిలో ఇద్దరు పిల్లలతో తెరుచుకుంది. యుద్ధం అక్కడక్కడా నాలుగు మాటల్లో మిగిలింది.

నవల బిగువుకు మంచి కోతే. కానీ పెద్దవాళ్లు ఎందుకు లేరన్న ప్రశ్న దాంతోపాటే వెనక్కి పోయింది. పాఠకుడి ముందు మిగిలింది పిల్లలు, వాళ్ల గుణం. తర్వాతివాళ్లు ఈ అచ్చునే వాడుకున్నారు. 2008లో మైకేల్ గ్రాంట్ రాసిన 'గాన్'లో పదిహేనేళ్లు నిండినవాళ్లంతా ఒక్క క్షణంలో మాయం. కారణం సంగతి తర్వాతెప్పుడో. అదే ఏడు వచ్చిన 'హంగర్ గేమ్స్'ను కూడా ఇదే గంపలో వేసి తిడుతుంటారు. అందులో పెద్దలు దర్జాగా కుర్చీల్లో కూర్చుని పిల్లలతో పిల్లల్ని చంపిస్తారు. అది వేరే జబ్బు.

నిజంగా దీవిలో చిక్కుకున్న పిల్లలూ ఉన్నారు. 1965లో టోంగా దేశపు బడి పిల్లలు ఆరుగురు చెప్పకుండా ఒకరి పడవ తీసుకుని బయల్దేరి, తుఫానుకు దెబ్బతిని అటా అనే దీవికి కొట్టుకుపోయారు. పదిహేను నెలలు బతికారు. రాజేసిన నిప్పును ఆరనివ్వలేదు, వాననీళ్లకు చెట్టు మొద్దులు తొలిచారు, ఒకడి కాలు విరిగితే పుల్లలు కట్టి అతికించారు. 1966 సెప్టెంబరులో పీటర్ వార్నర్ అనే ఆస్ట్రేలియా నావికుడు వాళ్లను చూశాడు. ఇంటికి చేరగానే పడవ దొంగతనం కేసులో లోపల వేశారు, అది వేరే సంగతి. ఈ కథ చెప్పి "చూశారా, పిల్లలు మంచివాళ్లే" అనడం ఇప్పుడు వాడుకైంది. ఇక్కడ కూడా మొదటి అధ్యాయం ఎగిరిపోతోంది. ఆ దీవిలో వాళ్లు తిన్న అరటి, కోళ్లు ఎక్కడివి? అంతకు వందేళ్ల కింద అక్కడ ఒక ఊరుండేది. 1863లో కూలీల వేటకొచ్చిన ఓడ వంద మందికి పైగా జనాన్ని ఎత్తుకుపోయింది. మిగిలినవాళ్లను టోంగా రాజు ఇంకో దీవికి తరలించాడు. అంటే ఆ పిల్లలు బతికింది కూలికి పట్టుకుపోయిన పెద్దల పాత తోటల మీద.

ఇదంతా పాలమూరుకు కొత్తేమీ కాదు. గోల్డింగ్ నవల వచ్చిన మరుసటి ఏడే, 1955 డిసెంబరు 10న, నాగార్జునసాగర్‌కు పునాదిరాయి పడింది. ఇట్లాంటి కట్టల మీద మట్టి మోసీ రాళ్లు మోసీ 'పాలమూరు లేబర్' అన్న మాట దేశమంతా తెలిసింది. సాగర్ కాలువలు మాత్రం పాలమూరు వైపు రాలేదు. కూలీల్ని కుదుర్చుకుపోయే గుంపు మేస్త్రీ అవసరమున్నప్పుడు చేతికి అడ్వాన్సు ఇస్తాడు, పెండ్లికో బోరుకో ఆసుపత్రికో. దానికి మొగుడూ పెండ్లాం ఇద్దరూ పోవాలి. పనిచోట వారం వారం తిండి ఖర్చులకే పైసలు, అసలు లెక్క తిరిగొచ్చే ముందు. లెక్కలో అడ్వాన్సు తీరకపోతే మళ్లీ ఏడు కూడా బస్సే. వేరే రాష్ట్రానికి అయిదుగురిని గానీ అంతకు మించి గానీ తీసుకుపోయే కాంట్రాక్టరుకు లైసెన్సు ఉండాలని 1979 చట్టం చెప్పింది. మక్తల్, దామరగిద్ద, మద్దూరు వైపు మేస్త్రీని లైసెన్సు అడిగి అడ్వాన్సు తీసుకునే స్థితిలో ఎవరున్నారు? ఇంట్లో మిగిలేది అవ్వ, తాత, బడికి పోయే పిల్లలు. పెద్దపిల్ల ఉంటే పొయ్యి ఆ పిల్లదే. పెద్దలు వలసపోయిన నెలల్లో నడిచే సీజనల్ హాస్టళ్లు వచ్చింది ఈ పిల్లల కోసమే.

కాబట్టి ఈ నేల మీద ఇట్లాంటి నవల రాసేవాళ్లకు దీవి అక్కర్లేదు, లెక్కలు కావాలి. రేషన్ మనిషికి నెలకు 6 కిలోలు, అంటే రోజుకు 200 గ్రాములు. కార్డులో పేరున్న ఒకరి వేలిముద్ర మిషన్‌లో పడితేనే బియ్యం. కరెంటు పోతే బోరు మోటారు లేదు, చేతిపంపు ఒక్కటే దిక్కు. ఇండియా మార్క్-2 పంపులో తోలు వాషరు అరిగితే పైపులన్నీ పైకి లాగాలి. అది ఇద్దరు పిల్లలతో అయ్యే పని కాదు.

నిప్పు విషయంలో గోల్డింగే తప్పులో కాలేశాడు. ఆయన నవలలో పిగ్గీ అనే పిల్లవాడి కళ్లద్దాలతో ఎండను ఒకచోటికి చేర్చి మంట రాజేస్తారు. కానీ ఆ పిల్లవాడికి దూరపు చూపు ఆనదు. అట్లాంటివాళ్ల అద్దం మధ్యలో పలచగా ఉండి వెలుగును చెదరగొడుతుందే గాని కూడగట్టదు. నిప్పు పుట్టాలంటే చత్వారపు అద్దం కావాలి. ప్లస్ 3 అద్దాన్ని దూదికి మూరెడు లోపే, 33 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుంటే సూర్యుడి చుక్క 3 మిల్లీమీటర్లకు దిగుతుంది. మాడ్చిన నూలుగుడ్డ అయితే అంటుకుంటుంది, తెల్లదూది సతాయిస్తుంది. మన ఊళ్లలో ఆ అద్దాలుండేది అవ్వాతాతల ముక్కు మీద. వలసపోని పెద్దలు వాళ్లే.

నల్గొండ వైపు దాటితే నీళ్లే కథ. మర్రిగూడ, నాంపల్లి మండలాల్లో ఇప్పుడు మిషన్ భగీరథ తాగునీటి పథకం పైపుల్లో కృష్ణ నీళ్లొస్తున్నాయి. పంపులు నడిపే మనుషులు లేకపోతే పిల్లలు తిరిగి ఫ్లోరైడ్ నీళ్ల పాత బోర్ల దగ్గరికే పోవాలి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన ఫ్లోరైడ్‌ను కాచి పోగొట్టలేం. కాచితే నీరు ఆవిరై అది ఇంకా చిక్కబడుతుంది. 1970లలో నాగపూర్‌లోని 'నీరి' అనే పర్యావరణ పరిశోధన సంస్థ చూపిన దారికి ఈ జిల్లా పేరే పెట్టారు, నల్గొండ పద్ధతి. బకెట్టు నీళ్లలో ముందు కొంచెం సున్నం, తర్వాత పటిక వేసి పది నిమిషాలకు పైగా కలియదిప్పాలి. గంటసేపు కదపకుండా ఉంచితే తెల్లటి మడ్డి అడుక్కు దిగుతుంది. అందుకే కుళాయి అడుగు నుంచి నాలుగు వేళ్ల ఎత్తున ఉండాలి. పటిక తక్కువైతే ఫ్లోరైడ్ అట్లనే ఉంటుంది, ఎక్కువైతే నీళ్లు పుల్లబడి అల్యూమినియం మిగులుతుంది. మోతాదు ఒక్కో బోరుకు ఒక్కో రకం. మడ్డిని బావి పక్కన పారబోస్తే చేసిన పనంతా వృథా. ఇది తప్పినవాడు మర్నాడు చచ్చిపోడు. పాలపళ్లు ఊడి కొత్త పళ్లు గోధుమ మరకతో మొలిచేదాకా, నడుము వంగేదాకా తెలియదు. రక్తపాతంతో పని లేని భయం ఇది.

బీరువా వాదనలో ఇప్పుడు ఒక మధ్యేమార్గం వినిపిస్తోంది: ఇంగ్లిష్ నుంచి వచ్చిన అనువాదాలు తీసేసి, పిల్లలతోనే ఊరి కథలు రాయించి పెడదామని. వినడానికి బాగుంది. ఆ కథల్లో మేస్త్రీ, అడ్వాన్సు, బస్సు ఉన్న మొదటి పేజీని 'నిరుత్సాహంగా ఉంది' అని ఎవరూ కొట్టేయకపోతే.