వోల్టులు, ఆంపియర్లు, వాట్లు: అపోహలు - వాస్తవాలు

వోల్టులను ఆంపియర్లతో భాగిస్తే నిరోధం, హెచ్చిస్తే వాట్లు. బడిలో నేర్చుకున్న ఈ రెండు ముక్కలూ ఎవరూ మరిచిపోరు. మోటార్లు, వైరింగు పనిలో నేను చూసే పొరపాట్లు గుణకారంలో జరిగేవి కావు. లెక్కలో ఏ అంకె నిలకడగా ఉంటుందో, ఏది మారుతుందో చూసుకోకపోవడం వల్ల జరిగేవి.

అపోహ: 2000 వాట్ల గీజరు ఎప్పుడూ 2000 వాట్లే తీసుకుంటుంది.

ఆ అంకె 230 వోల్టులకు రాసినది. అప్పుడు గీజరు 8.7 ఆంపియర్లు లాగుతుంది, అంటే కాయిల్ నిరోధం దాదాపు 26.5 ఓములు. వోల్టేజి తగ్గినా ఈ నిరోధం పెద్దగా మారదు. లైనులో 180 వోల్టులే ఉంటే కరెంటు 6.8 ఆంపియర్లకు, పవరు సుమారు 1,225 వాట్లకు దిగుతుంది. వోల్టేజితో పాటు కరెంటూ తగ్గడం వల్ల పవరుకు రెండు వైపులా దెబ్బ. నీళ్లు కాగడం లేదని కాయిల్ మార్పించే ముందు ఒకసారి వోల్టేజి చూడండి.

అపోహ: మల్టీమీటరుతో ఓములు కొలిస్తే వాట్లు తెలిసిపోతాయి.

పాత 100 వాట్ల ఫిలమెంటు బల్బును కొలిస్తే 40 ఓములకు అటూ ఇటూగా చూపిస్తుంది. ఆ లెక్కన 230 వోల్టులకు 1,300 వాట్లు దాటాలి! బల్బు వెలిగి తీగ వేడెక్కాక నిరోధం 529 ఓములకు చేరుతుంది. మీటరు చూపింది చల్లని తీగ సంగతి.

అపోహ: లో వోల్టేజిలో మోటారు కూడా తక్కువ కరెంటే తీసుకుంటుంది.

రైతులకు ఎక్కువ ఖర్చు తెచ్చిపెట్టేది ఇదే. మోటారు గీజరు కాయిల్ లాంటిది కాదు. పంపు మోయాల్సిన నీటి బరువు అలాగే ఉంటుంది, వోల్టేజి మాత్రం తగ్గింది. ఆ లోటును మోటారు ఎక్కువ కరెంటు లాగి పూడ్చుకుంటుంది. మోటారు లోపలి తీగచుట్టలో (వైండింగులో) పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి కరెంటు 20 శాతం పెరిగితే వేడి 44 శాతం పెరుగుతుంది. రీవైండింగ్ షాపుకు దారి అదే.

దీనికి తోడు ఇంకో తగువు. 5 హెచ్‌పీ మోటారుకు టంగ్ టెస్టరు (తీగ చుట్టూ పట్టించి కరెంటు కొలిచే మీటరు) పెడితే 7.5 ఆంపియర్లు వస్తుంది. త్రీఫేజు వోల్టేజి 415తో హెచ్చిస్తే 3,112 వాట్లు. 5 హెచ్‌పీ అంటే 3,730 వాట్లు కదా, దుకాణదారు చిన్న మోటారు అంటగట్టాడని గొడవ! త్రీఫేజుకు 1.732తో, ఆపైన పవర్ ఫ్యాక్టరుతో (ఈ గుణకారంలో అసలు పవరుగా మారే వంతుతో) కూడా హెచ్చించాలి. అది 0.8 అనుకుంటే దాదాపు 4,300 వాట్లు. 3,730 అన్నది షాఫ్టు దగ్గర అందే పవరు, మిగిలినది మోటారులో నష్టం. దుకాణదారు నిర్దోషి.

అపోహ: ఎంసీబీ (కరెంటు మితిమీరితే తనంతట తానే ఆగిపోయే స్విచ్చు) పడలేదంటే వైరింగు బాగున్నట్టే.

గీజరు ప్లగ్గు దగ్గర లూజు కనెక్షన్ వల్ల అర ఓము నిరోధం చేరిందనుకుందాం. మొత్తం కరెంటు 8.5 ఆంపియర్లకు తగ్గుతుంది, 16 ఆంపియర్ల ఎంసీబీకి అనుమానమే రాదు. కానీ ఆ ఒక్క చోటే సుమారు 36 వాట్ల వేడి పుడుతుంది. 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్ సీసాన్ని కరిగిస్తుంది, ఇక ప్లాస్టిక్ సాకెట్టు ఎంత? నల్లబడిన సాకెట్టును మార్చండి, తీగ చివర మాడి ఉంటే అంతవరకు కత్తిరించి కొత్తగా బిగించండి.