పల్టా నీళ్ల కేంద్రం: అపోహలు - వాస్తవాలు

నీటిశుద్ధి పనిలో ఉన్నవాళ్లకు ఎదురయ్యే ప్రశ్నలు దాదాపు ఎక్కడైనా ఒకటే. కోల్‌కతాకు ఎగువన, గంగ పాయైన హుగ్లీ నది ఒడ్డున ఉన్న పల్టా కేంద్రాన్ని పెట్టుకుని చెబుతాను. 1860ల చివర్లో కట్టారు, ఆ నగరానికి ఇప్పటికీ నీళ్లిస్తోంది.

అపోహ: అంత పాత కేంద్రంలో శుద్ధి ఏం బాగుంటుంది?

వాస్తవం: రోజుకు 60 లక్షల గ్యాలన్లతో మొదలైన చోట తర్వాత కొత్త పంపులు, నీటిని వేగంగా వడకట్టే ర్యాపిడ్ ఫిల్టర్లు వచ్చాయి. మారనిది స్థలం. హుగ్లీలోకి సముద్రపు పోటు వస్తే నీరు ఎగదన్నుతుంది. నగరం పక్కనే తోడితే ఉప్పు భయం, మురుగు భయం. అందుకే ఇరవై కిలోమీటర్లకు పైగా ఎగువకు వెళ్లారు. ఆ ఎంపిక చేసినవాళ్లకు దండం పెట్టాలి.

అపోహ: ఇసుక ఫిల్టరంటే జల్లెడే కదా!

వాస్తవం: పల్టా మొదలైంది స్లో శాండ్ ఫిల్టర్లతో, అంటే నీరు నెమ్మదిగా దిగే ఇసుక పరుపులతో. రేణువుల సందుల్లోంచి బ్యాక్టీరియా హాయిగా దూరిపోగలదు. దాన్ని పట్టేది ఇసుక మీద పేరుకునే జిగురు పొర, అందులో బతికే సూక్ష్మజీవులు. అందుకే నీరు గంటకు పది ఇరవై సెంటీమీటర్లకు మించి దిగకూడదు. ఆ ఇసుక పరుపు పూడుకుపోతే నీరు దించి, పైన ఒకటి రెండు సెంటీమీటర్ల ఇసుకను పారలతో గీకేస్తారు. గీకిన వెంటనే దిగే నీరు అద్దంలా ఉన్నా ఊరికి వదలకూడదు. పొర మళ్లీ కట్టాలి, దానికి రోజులు పడుతుంది. 1892లో ఎల్బే నది నీటిని వడకట్టకుండా తాగిన జర్మనీ నగరం హాంబర్గ్‌లో కలరాకు ఎనిమిది వేల మందికి పైగా చనిపోయారు. దిగువనున్న ఆల్టోనా పట్టణానికి చేరింది హాంబర్గ్ మురుగు కలిసిన నీరే. ఇసుకలో వడకట్టుకుంది కాబట్టి చాలావరకు గట్టెక్కింది.

గంగ నీటికి శుద్ధి అక్కర్లేదనే వాళ్లూ ఉన్నారు. భక్తితో నాకు పేచీ లేదు, బిందెలోకి మాత్రం క్లోరిన్ వేసిన నీరే రావాలి.

అపోహ: క్లోరిన్ వాసనొస్తే మందు ఎక్కువైనట్టే.

వాస్తవం: లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలన్నది మన దేశ ప్రమాణం. ముక్కు అదిరే ఘాటు చాలాసార్లు నీటిలోని అమ్మోనియాతో క్లోరిన్ కలవడం వల్ల వస్తుంది.

అపోహ: కొళాయిలో ఎర్రనీళ్లొస్తే తప్పు కేంద్రానిదే.

వాస్తవం: ఎక్కువసార్లు అది పైపుల తుప్పు. సరఫరా ఆగిన గంటల్లో పైపులో ఒత్తిడి పడిపోయి, చిల్లుల్లోంచి బయటి మురికినీ లాగుతుంది. ఆ తర్వాత మీ ట్యాంకు. కోల్‌కతాలో పల్టా నీరు చేరే టాలా ఓవర్‌హెడ్ ట్యాంకు 1911 నుంచి పనిచేస్తోంది. దాన్ని నాలుగు అరలుగా కట్టారు కాబట్టి ఒకటి ఖాళీ చేసి కడుగుతున్నా మిగతావి నడుస్తాయి. ఇంటి ట్యాంకుకు ఆ వీలు లేదు, ఒక పూట నీళ్లు ఆపి కడుక్కోవలసిందే.