వీలునామాకు ఖర్చు ఎంత, ఎప్పుడు? అపోహలు - వాస్తవాలు

నెల్లూరులో సివిల్ దావాలు చూసుకునే న్యాయవాదిని. వీలునామా కోసం వచ్చేవారిలో చాలామంది మొదట అడిగేది ఖర్చు గురించే. అడగవలసిన ప్రశ్నే, కాకపోతే వారు లెక్క వేసుకునేది రాయించే రోజు ఖర్చును మాత్రమే. నేను చూసినంతలో పెద్ద ఖర్చు రాసినవారు కాలం చేశాక పిల్లల నెత్తిన పడుతుంది.

అపోహ: ఆస్తి విలువను బట్టి స్టాంపు డ్యూటీ కట్టాలి.

వాస్తవం: వీలునామాకు స్టాంపు డ్యూటీ లేదు, తెల్ల కాగితం మీద రాసినా చెల్లుతుంది. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 18వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ కూడా ఐచ్ఛికమే. మంచం పట్టినవారి ఇంటికి అదనపు రుసుము మీద రిజిస్ట్రేషన్ అధికారే వచ్చే ఏర్పాటు కూడా చట్టంలో ఉంది.

అపోహ: రిజిస్టరు చేయిస్తే ఇక దాన్ని కోర్టులో ఎవరూ కదిలించలేరు.

వాస్తవం: నా దగ్గరకు వచ్చే దావాల్లో ఎక్కువ డబ్బు పోయేది ఈ నమ్మకం వల్లనే. 1925 నాటి భారత వారసత్వ చట్టం 63వ సెక్షన్ ప్రకారం కనీసం ఇద్దరు సాక్షులు సంతకం చేయాలి. వివాదం వస్తే, బతికి ఉన్న సాక్షుల్లో కనీసం ఒకరు కోర్టు బోను ఎక్కి చెప్పాలి. రిజిస్టరైన ఇతర దస్తావేజులకు దొరికే మినహాయింపు వీలునామాకు వర్తించదు. కొన్నేళ్ల కిందట కావలి వైపు నుంచి ఒక రైతు కుటుంబం ప్లాస్టిక్ సంచిలో భద్రంగా చుట్టిన వీలునామా తెచ్చింది. రిజిస్టరైనదే, ప్రతి పేజీ మీద సంతకం ఉంది, కానీ సాక్షులిద్దరూ దాన్ని రాసిన పెద్దాయన ఈడువాళ్లు, ఆయనకంటే ముందే పోయారు. కూతురు అభ్యంతరం చెప్పడంతో, ఆ సాక్షుల్లో ఒకరి సంతకాన్ని నిరూపించడానికి పాత అప్పు పత్రాలు వెతికి, ఆ చేతిరాత ఎరిగిన మనిషిని పట్టుకొచ్చేసరికి కుటుంబానికి అయిన ఖర్చుతో పది వీలునామాలు రాయించుకోవచ్చు. అందుకే సాక్షులు మీకంటే చిన్నవారై, ఆస్తిలో ఏమీ పొందనివారై ఉండాలని, వారి పూర్తి చిరునామా రాయించాలని నేను పట్టుబడతాను. వైద్యుడు సాక్షిగా దొరికితే మరీ మంచిది.

అపోహ: రిజిస్టరు చేస్తే ఈసీలో (ఆస్తి లావాదేవీలు చూపే ధ్రువపత్రంలో) కనబడి ఊరంతా తెలిసిపోతుంది.

వాస్తవం: వీలునామాలు రిజిస్ట్రేషన్ కార్యాలయంలో విడిగా మూడో పుస్తకంలో నమోదవుతాయి. రాసినవారు బతికి ఉండగా నకలు వారికి గానీ వారి ఏజెంటుకు గానీ తప్ప మరొకరికి ఇవ్వరు. అందువల్ల అది ఉందన్న సంగతి నమ్మకమైన ఒక్కరికైనా చెప్పి ఉంచండి.

అపోహ: ఇప్పుడే సెటిల్‌మెంట్ (బతికుండగానే ఆస్తిని ఇచ్చేసే దస్తావేజు) రాసేస్తే ఖర్చు కలిసొస్తుంది.

వాస్తవం: సెటిల్‌మెంటుకు ప్రభుత్వ మార్కెట్ విలువ మీద శాతం చొప్పున స్టాంపు డ్యూటీ పడుతుంది. వీలునామాను ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు గానీ, సెటిల్‌మెంటును ఏకపక్షంగా రద్దు చేసుకోవడానికి వీలుండదు. పోషణ చూస్తారన్న షరతుతో రాసి ఉంటే, 2007 నాటి తల్లిదండ్రులు, వృద్ధుల సంక్షేమ చట్టం 23వ సెక్షన్ కింద ట్రిబ్యునల్‌ను ఆశ్రయించవచ్చు. ఆ షరతే రాయించకుండా సంతకం పెట్టేవారిని నేను తరచుగా చూస్తున్నాను. ఉన్న ఒక్క ఇంటిని బతికుండగా రాసివ్వడం నాకు సమ్మతం కాదు.

అపోహ: ట్రస్టు పెడితే పన్నులు, గొడవలు రెండూ తప్పుతాయి.

వాస్తవం: మన దేశంలో మరణానంతర ఎస్టేట్ డ్యూటీ 1985లోనే రద్దయింది కనుక, తప్పించుకోవలసిన వారసత్వ పన్ను ఇప్పుడు లేదు. ట్రస్టుకు మాత్రం దస్తావేజు ఖర్చుతో పాటు పాన్ కార్డు, ఏటా రిటర్నులు, ఆడిటరు ఫీజు ఉంటాయి. రెండెకరాల మాగాణి, ఒక ఇల్లు ఉన్న కుటుంబానికి అది దండగ. మానసిక వైకల్యం ఉన్న బిడ్డ జీవితాంతం గడవాలన్నప్పుడు మాత్రం ఆలోచించాలి, అదైనా వీలునామాలోనే ఏర్పాటు చేయవచ్చు.

ఇక షెడ్యూలు, అంటే ఆస్తి వివరాలు రాసే భాగం గురించి ఎవరూ అడగరు. మన నెల్లూరు అలవాటుగా "నలభై అంకణాల ఇల్లు" (ఇక్కడ అంకణం అంటే ఎనిమిది చదరపు గజాలు) అని రాయిస్తారు. మూల దస్తావేజులో 320 గజాలని ఉంటుంది, హద్దుల్లో ఒక పక్క పేరు మారి ఉంటుంది. ముటేషన్ (రికార్డుల్లో వారసుల పేరుకు మార్చడం) అక్కడ ఆగిపోతే సవరణ దస్తావేజు మీద సంతకం పెట్టడానికి రాసినవారు ఉండరు, కోర్టు డిక్రీ తెచ్చుకోవలసి వస్తుంది. సర్వే నంబరు, కొలతలు, హద్దులు మూల దస్తావేజులో ఉన్నవి ఉన్నట్టే దించుకుని, హద్దుదారు మారి ఉంటే ఆ పక్కన ఇప్పటి పేరు కూడా రాయించండి.