ఏసీఎస్ సెక్షన్ కౌన్సిలర్ పని: అపోహలు - వాస్తవాలు

కౌన్సిలర్ అనగానే మనవాళ్లకు మున్సిపాలిటీ వార్డు, కుళాయి, వీధి దీపం గుర్తొస్తాయి. కెమిస్టుల సంఘమైన అమెరికన్ కెమికల్ సొసైటీలో, అంటే ఏసీఎస్‌లో కౌన్సిలర్ పని వేరు: తన సెక్షన్ (ప్రాంతీయ శాఖ) తరఫున కౌన్సిల్ అనే ప్రతినిధుల సభలో కూర్చోవడం. న్యూజెర్సీలోనో బోస్టన్‌లోనో ఉద్యోగం చేసే తెలుగు కెమిస్టుకు సెక్షన్ ఎన్నికల బ్యాలెట్ మెయిల్ వస్తుంది, చూడకుండానే చెత్తబుట్టలోకి పోతుంది. ఆ బ్యాలెట్‌లో ఉన్న పేర్లు ఏం చేస్తాయో తెలియకపోవడమే దీనికి కారణం. సెక్షన్ మీటింగుల్లో పదే పదే వినిపించే అపోహలు కొన్ని ఇవి.

అపోహ: ఇదంతా వాషింగ్టన్‌లో కూర్చున్నవాళ్ల వ్యవహారం, ఊళ్లలో సెక్షన్లు అలంకారానికే.

వాస్తవం: చరిత్ర దీనికి తలకిందులుగా ఉంది. 1876లో న్యూయార్క్‌లో పుట్టినప్పుడు సొసైటీ పేరుకు మాత్రమే అమెరికాది. పెత్తనం న్యూయార్క్ వాళ్లదే, బయటి ఊళ్ల కెమిస్టులు చందా కట్టి పత్రిక అందుకోవడంతో సరిపెట్టుకునేవారు. ఆ అసంతృప్తి ముదిరి, సొసైటీ చీలిపోతుందా అనే దాకా వచ్చింది. 1890లో న్యూయార్క్ బయట తొలి సాధారణ సమావేశం రోడ్ ఐలండ్‌లోని న్యూపోర్ట్‌లో జరిగింది. మరుసటి ఏడాది తొలి లోకల్ సెక్షన్ అక్కడే, రోడ్ ఐలండ్‌లోనే ఏర్పడింది. ఇప్పుడు 180కి పైగా సెక్షన్లున్నాయి. సొసైటీ ఒక్కటిగా నిలబడడానికి కుదిరిన రాజీ నుంచి పుట్టిందే సెక్షన్ ప్రాతినిధ్యం.

అపోహ: ఏడాదికి రెండుసార్లు వెళ్లి, బుధవారం పొద్దున క్లిక్కర్ (ఓటు మీట) నొక్కి వస్తే పని అయిపోతుంది.

వాస్తవం: అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసే అపోహ ఇదే. కౌన్సిల్ సభ వసంతకాలం, శరత్కాలం నేషనల్ మీటింగులతో పాటు జరుగుతుంది, సాధారణంగా బుధవారం ఉదయమే. ఆ కొన్ని గంటల్లో వినిపించే ప్రతి తీర్మానం అప్పటికే కమిటీల్లో నలిగి వచ్చి ఉంటుంది. మాటలు మార్చాలన్నా, ఒక వాక్యం తీయించాలన్నా అవకాశం ఉండేది శని, ఆది, సోమ, మంగళవారాల్లో జరిగే కమిటీ మీటింగుల్లో, ప్రాంతాలవారీ కాకస్‌లలో, అంటే సభకు ముందు కౌన్సిలర్లు కలిసి మాట్లాడుకునే సమావేశాల్లో. బుధవారం మైకు దగ్గర తొలిసారి అభ్యంతరం లేవనెత్తేవాళ్లకు సానుభూతి దొరుకుతుంది కానీ ఓట్లు దొరకవు.

బైలాస్ (సొసైటీ నియమావళి) సవరణ దారి చూస్తే ఇది బాగా అర్థమవుతుంది. సవరణ కోరే పిటిషన్ అజెండాలోకి మొదటిసారి ‘పరిశీలనకు’ వస్తుంది. ఆ రోజు ఓటింగ్ ఉండదు కాబట్టి చాలామంది ఆ పేజీలు తిప్పేస్తారు. సొసైటీ రాజ్యాంగం, బైలాస్ చూసే కమిటీతో పాటు సంబంధం ఉన్న మిగతా కమిటీలు కూడా వ్యాఖ్యలు సేకరిస్తాయి. ఖర్చు ఎంతవుతుందో ఆర్థిక ప్రభావ అంచనా తయారవుతుంది. పిటిషన్ పెట్టినవాళ్లు మాటలు దిద్దుకునేదీ ఈ మధ్యకాలంలోనే. తర్వాతి సభకు, అంటే సుమారు ఆరు నెలలకు, అదే పిటిషన్ ‘చర్యకు’ వస్తుంది. అప్పుడు మూడింట రెండు వంతుల ఓట్లు కావాలి. గెలిచినా బోర్డు ఆఫ్ డైరెక్టర్స్ ఆమోదం మిగిలే ఉంటుంది. మార్పు రాజ్యాంగానికే అయితే సభ్యులందరి ఓటుకు కూడా వెళ్లాలి.

అందుకే అజెండా చేతికి రాగానే మొదట వెతకాల్సింది ‘పరిశీలనకు’ ఉన్న అంశాల్ని. వాటిని సెక్షన్ ఎగ్జిక్యూటివ్ కమిటీ ముందు పెట్టి, వచ్చిన అభిప్రాయాన్ని నాలుగు వాక్యాల్లో రాసి కమిటీకి పంపాలి. ‘మాకు నచ్చలేదు’ అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. ఫలానా పేరాలో ఫలానా మాట తీసి ఇది పెట్టండి అని రాస్తే, కమిటీ దాన్ని అజెండాలో పెట్టుకుని చర్చిస్తుంది. ‘చర్యకు’ వచ్చిన రోజున సభలో సవరణ పెట్టొచ్చు, కానీ ముందే నోటీసిచ్చిన పరిధి దాటకూడదు. ఆ గీత దాటిన సవరణను అధ్యక్షస్థానం తోసిపుచ్చుతుంది. అప్పుడు మిగిలే దారి పిటిషన్‌ను తిరిగి కమిటీకి పంపమనడం. దానికి సాధారణ మెజారిటీ చాలు. ఓడించలేనిదాన్ని వెనక్కి పంపడం తేలిక, ఈ సంగతి పాతకాపులకు బాగా తెలుసు.

అపోహ: కౌన్సిల్ అంటే పార్లమెంటు, సొసైటీ డబ్బంతా దాని చేతుల్లోనే.

వాస్తవం: డబ్బు, ఆస్తులు, చట్టపరమైన బాధ్యత బోర్డు ఆఫ్ డైరెక్టర్స్‌వి. నిర్వహణ విషయాల్లో కౌన్సిల్ సలహా సభ మాత్రమే. బైలాస్ అప్పగించిన కొన్నింట్లోనే దానికి శాసనాధికారం ఉంది. సొసైటీ రాబడిలో సింహభాగం కెమికల్ అబ్‌స్ట్రాక్ట్స్ సర్వీసు (రసాయన సమాచారం అందించే సొసైటీ విభాగం) నుంచి, జర్నళ్ల నుంచి వస్తుంది. ‘జర్నల్ చందా తగ్గించమని మా కౌన్సిలర్‌తో చెప్పించండి’ అని అడిగేవాళ్లకు నిరాశ తప్పదు.

అపోహ: అధ్యక్షుణ్ణి సభ్యులందరూ ఎన్నుకుంటారు, మధ్యలో కౌన్సిలర్‌కు పనేముంది?

వాస్తవం: సభ్యులు ఎంచుకునేది చివరికి మిగిలిన పేర్లలోంచి. నామినేషన్లు, ఎన్నికల కమిటీ నలుగురి పేర్లు తెస్తుంది. వసంతకాలపు సభలో కౌన్సిలర్లు ఆ నలుగురిని ఇద్దరికి కుదిస్తారు. సంతకాల పిటిషన్‌తో ఇంకెవరైనా చేరొచ్చు. శరత్కాలంలో సభ్యుల బ్యాలెట్‌కు వెళ్లేది ఆ పేర్లే. గెలిచినవాళ్లు ఏడాది ప్రెసిడెంట్-ఎలెక్ట్‌గా, ఏడాది ప్రెసిడెంట్‌గా, ఏడాది మాజీ ప్రెసిడెంట్‌గా మూడేళ్లూ బోర్డులో ఉంటారు. కాబట్టి నలుగురూ మాట్లాడే సభకు ఆలస్యంగా వచ్చే కౌన్సిలర్ తన సెక్షన్ మాటను అక్కడే పోగొట్టినట్టు.

అపోహ: సెక్షన్ చెప్పినట్టే ఓటెయ్యాలి. రాలేకపోతే పక్క కౌన్సిలర్‌కు ఓటు అప్పగించొచ్చు.

వాస్తవం: రెండూ కుదరవు. కౌన్సిలర్ సభలో విన్నదాన్ని బట్టి తన విచక్షణతో ఓటేస్తారు, తర్వాత ఎందుకలా వేశారో సెక్షన్‌కు చెప్పుకుంటారు. ప్రాక్సీ ఓటు లేదు. రాలేనప్పుడు ఆ కుర్చీలో కూర్చోవాల్సింది ఎన్నికైన ఆల్టర్నేట్ కౌన్సిలరే. ఆ మార్పు సభకు ముందే నమోదవ్వాలి. మంగళవారం రాత్రి ఫ్లయిట్ రద్దయ్యాక మెయిల్ పెడితే కుర్చీ ఖాళీగానే ఉంటుంది. ఆల్టర్నేట్‌కు అజెండా కూడా ముందే పంపి ఉంచడం మంచిది. చేతిలో క్లిక్కర్ ఉండి విషయం తెలియకపోవడం ఖాళీ కుర్చీ కంటే పెద్ద మేలేం కాదు.

అపోహ: పెద్ద సెక్షన్‌కు సీట్ల బెంగ ఉండదు.

వాస్తవం: ప్రతి సెక్షన్‌కు కనీసం ఒక సీటు ఖాయం, ఆపైన సభ్యుల సంఖ్యను బట్టి. ఎన్నికయ్యే కౌన్సిలర్లలో దాదాపు 80 శాతం సెక్షన్లవాళ్లు, 20 శాతం డివిజన్లవాళ్లు, అంటే సబ్జెక్టులవారీ విభాగాలవాళ్లు. సభ్యులు తగ్గితే సీటూ తగ్గుతుంది. మీరు ఏ సెక్షన్ లెక్కలోకి వస్తారో మీ చిరునామా జిప్ కోడ్ చెబుతుంది. ఎడిసన్ నుంచి ఇండియానాపొలిస్‌కు మారి చిరునామా మార్చకపోతే ఇంకా పాత సెక్షన్‌కే లెక్క. అక్కడి బ్యాలెట్టే మీకొస్తుంది.

అయితే సీటు గల్లంతయ్యేది ఎక్కువగా కాగితాల దగ్గర. కౌన్సిలర్ పదవీకాలం మూడేళ్లు, జనవరి 1న మొదలవుతుంది. ఎన్నికల ఫలితం అంతకుముందు డిసెంబర్ 1 లోపు సొసైటీకి చేరాలి. సెక్షన్ సెక్రటరీ థాంక్స్‌గివింగ్ సెలవుల హడావుడిలో మర్చిపోవడం సర్వసాధారణం. వెనక నుంచి లెక్కేసుకోవాలి: అక్టోబర్‌లో బ్యాలెట్, నవంబర్ మొదట్లో లెక్కింపు, ఆ వారంలోనే ఆన్‌లైన్‌లో నమోదు. ఒకేసారి అందరి గడువూ తీరకుండా, ఏటా కొన్ని సీట్ల చొప్పున ఖాళీ అయ్యేలా మొదటే సర్దుకోవాలి. లేకపోతే మూడేళ్లకోసారి సెక్షన్ మొత్తం కొత్తవాళ్లతో సభకు వెళ్తుంది.

అపోహ: సెక్షన్ బైలాస్ మన సొంత వ్యవహారం.

వాస్తవం: మార్పుల చిత్తు ప్రతి ముందుగా రాజ్యాంగం, బైలాస్ కమిటీకి వెళ్లాలి. వాళ్లు గుర్తించిన తేడాలు దిద్దాక సెక్షన్ సభ్యులు ఓటేస్తారు. ఆ తర్వాత కమిటీ తుది ఆమోదం. ఓటు ముందు, పరిశీలన తర్వాత అని వరస తప్పితే మళ్లీ ఓటింగ్ పెట్టుకోవాల్సిందే. ఈ వరస ఎగ్జిక్యూటివ్ కమిటీకి గుర్తుచేయాల్సింది కౌన్సిలరే.

అపోహ: కౌన్సిలర్ కాకపోతే కమిటీల దగ్గరికి రానివ్వరు.

వాస్తవం: చాలా కమిటీల్లో అసోసియేట్లుగా కౌన్సిలర్లు కానివాళ్లూ ఉంటారు. కమిటీల మీటింగుల్లో చాలా భాగం సభ్యులెవరైనా వెళ్లి వినేలా తెరిచే ఉంటాయి. నేషనల్ మీటింగ్‌కు పేపర్ చదవడానికి ఎలాగూ వెళ్తారు కదా, ఒక గంట లోకల్ సెక్షన్ యాక్టివిటీస్ కమిటీలోనో కెమికల్ సేఫ్టీ కమిటీలోనో వెనక వరసలో కూర్చోండి.

అపోహ: హైదరాబాద్‌లో ఉన్న సభ్యుడికి ఈ కౌన్సిల్‌తో సంబంధమే లేదు.

వాస్తవం: అమెరికా బయట ఉండేవి అంతర్జాతీయ చాప్టర్లు. సెక్షన్లకు ఉన్నట్టు వాటికి ఓటు హక్కున్న కౌన్సిలర్ సీట్లు లేవు, అందుకే ఈ మాట పుట్టింది. కానీ డివిజన్‌లో చేరడానికి ఊరితో పనిలేదు. ఆర్గానిక్ కెమిస్ట్రీ డివిజన్‌లోనో మెడిసినల్ కెమిస్ట్రీ డివిజన్‌లోనో సభ్యత్వం తీసుకుంటే దాని కౌన్సిలర్లు మీకూ ప్రతినిధులే. వాళ్ల పేర్లు, మెయిళ్లు డివిజన్ వెబ్‌సైట్లో ఉంటాయి. అజెండా వచ్చిన వారంలో రాసిన ఉత్తరానికి జవాబు వస్తుంది. సభ అయిపోయాక రాస్తే మళ్లీ ఆరు నెలలు ఆగాలి.